ఉపనయనం (ఒడుగు): సంస్కారం, ప్రాంతీయ ఆచారాలు

బాలుణ్ణి వేదాధ్యయనం కోసం గురువు దగ్గరకు చేర్చే హిందూ సంస్కారం ఉపనయనం. తెలుగువారు ఒడుగు, వడుగు అంటారు. దీనితో బాలుడు బ్రహ్మచర్యాశ్రమంలో అడుగుపెడతాడు. సావిత్రీ మంత్రోపదేశం పొందుతాడు, యజ్ఞోపవీతం ధరిస్తాడు. రోజూ సంధ్యావందనం చేసే అధికారం, చేయవలసిన బాధ్యత రెండూ ఆ రోజు నుంచే మొదలవుతాయి. వాడుకలో "జంధ్యం వేయడం" అనే మాట స్థిరపడినందువల్ల ఈ క్రతువుకు దారమే ప్రాణమని చాలామంది అనుకుంటారు. పాత సూత్రగ్రంథాలు మాత్రం గురువు శిష్యుణ్ణి స్వీకరించడాన్నే ప్రధానంగా చెబుతాయి. దారం తరువాత వచ్చి చేరింది. ఈ తేడాను గుర్తుంచుకుంటే ప్రాంతానికొక తీరుగా కనిపించే ఆచారాల మూలం సులభంగా బోధపడుతుంది.

పేర్లు

"ఉప" అంటే దగ్గరకు, "నయనం" అంటే తీసుకుపోవడం. గురువు దగ్గరకా, వేదం దగ్గరకా, బ్రహ్మచర్య వ్రతం దగ్గరకా అన్నదానిపై వ్యాఖ్యాతలు భిన్నంగా చెప్పారు. గురువు దగ్గరకు అన్న అర్థమే ఎక్కువ మందికి సమ్మతం. నడుముకు ముంజగడ్డి మొలత్రాడు కట్టడాన్ని బట్టి మౌంజీబంధనమనీ, మంత్రోపదేశాన్ని బట్టి బ్రహ్మోపదేశమనీ కూడా అంటారు. ఉపనయనం జరిగే బాలుడు వటువు. తెలుగు "వడుగు" ఈ మాటకు తద్భవం. పాత కావ్యాలలో వడుగు అంటే క్రతువే కాదు, బ్రహ్మచారి బాలుడు కూడా. వామనుణ్ణి వడుగు అన్నది ఈ అర్థంలోనే. యజ్ఞోపవీతానికి తెలుగులో జన్నిదం, జందెం, జంధ్యం అనే రూపాలున్నాయి.

మరాఠీలో ముంజ, కన్నడంలో ముంజి అనే పేర్లు మొలత్రాడు నుంచి వచ్చాయి. కాశ్మీరీ పండితుల "మేఖల" కూడా అదే. హిందీ జనేవూ, గుజరాతీ జనోఈ, కన్నడ జనివార, తమిళ పూణూల్, బెంగాలీ పైతే దారానికి పేర్లు. వీటిలో చాలావాటిని క్రతువుకూ వాడతారు. నేపాలీలో బ్రతబంధ అంటారు. అది వ్రతబంధం అన్న మాటే.

చరిత్ర

వైదిక కాలం: అథర్వవేదం పదకొండో కాండలోని బ్రహ్మచారి సూక్తం సమిధలు, మేఖల, అజినం (జింకతోలు) ధరించిన విద్యార్థిని కీర్తిస్తుంది. ఆచార్యుడు బ్రహ్మచారిని మూడు రాత్రులు తన గర్భంలో మోసి కంటాడన్న భావన అక్కడిదే. "ద్విజుడు", అంటే రెండుసార్లు పుట్టినవాడు అన్న మాటకు వెనుక ఉన్న ఊహ ఇది. ఉపనయన విధిని శతపథ బ్రాహ్మణం పదకొండో కాండ కొంత వివరంగా చెబుతుంది. పూర్వం సావిత్రిని ఏడాది తరువాత ఉపదేశించేవారనీ, క్రమంగా ఆ గడువు ఆరు నెలలకు, ఇరవై నాలుగు రోజులకు, పన్నెండుకు, ఆరుకు, మూడుకు తగ్గిందనీ, బ్రాహ్మణ బాలుడికి వెంటనే చెప్పవచ్చనీ అందులో ఉంది. క్రతువును కుదించడం మన కాలంలోనే మొదలైందనుకునేవారు గమనించవలసిన విషయమిది.

ఉపనిషత్తులలో ఉపనయనం చాలా సాదాగా కనిపిస్తుంది. విద్య కోరినవాడు సమిధలు చేతబట్టుకొని గురువు దగ్గరకు వెళతాడు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు హారిద్రుమత గౌతముణ్ణి ఆశ్రయిస్తాడు. గోత్రం అడిగితే తనకు తెలియదంటాడు. తల్లి జబాల చెప్పిన మాటను ఉన్నదున్నట్టు విన్నవిస్తాడు. సత్యం తప్పలేదు గనుక సమిధ తీసుకురమ్మని గౌతముడు అతణ్ణి శిష్యుడిగా స్వీకరిస్తాడు. వయసు మీరినవారు, గృహస్థులు కూడా కొత్త విద్య కోసం ఇలా మళ్లీ శిష్యులైన సందర్భాలు ఉపనిషత్తులలో ఉన్నాయి.

సూత్రకాలం: ఆపస్తంబ, ఆశ్వలాయన, పారస్కర, బౌధాయన, గోభిల తదితర గృహ్యసూత్రాలు క్రతువుకు నేటి రూపాన్ని ఇచ్చాయి. ధర్మసూత్రాలు, మనుస్మృతి వర్ణాన్ని బట్టి వయసు, మేఖల, దండం, వస్త్రం నిర్దేశించాయి. ఐతే చాలా గృహ్యసూత్రాలు ఉపనయన క్రమంలో యజ్ఞోపవీత ధారణను ప్రత్యేక అంగంగా చెప్పనే లేదు. ధర్మశాస్త్ర చరిత్ర రాసిన పాండురంగ వామన కాణే ఈ విషయాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపారు.

వయస్సు, కాలం

గర్భం నుంచి లెక్కించి బ్రాహ్మణుడికి ఎనిమిదో ఏడు, క్షత్రియుడికి పదకొండో ఏడు, వైశ్యుడికి పన్నెండో ఏడు ముఖ్యకాలం. బ్రహ్మవర్చస్సు కోరితే ఐదో ఏటనే చేయవచ్చని మనువు చెప్పాడు. పై హద్దులు వరుసగా 16, 22, 24 ఏళ్లు. ఆలోపు కాకపోతే అతడు పతితసావిత్రీకుడు, వ్రాత్యుడు అవుతాడు. ప్రాయశ్చిత్తం చేసుకొని ఉపనయనం పొందవచ్చు. ఋతువుల్లో బ్రాహ్మణుడికి వసంతం, క్షత్రియుడికి గ్రీష్మం, వైశ్యుడికి శరత్తు చెప్పారు. రథాలు చేసే రథకారుడికి వర్షర్తువులో చేయాలని బౌధాయనుడు విధించాడు. తెలుగునాట మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ఉత్తరాయణ ముహూర్తాలు చూస్తారు. బడి సెలవులు కలిసివస్తాయని ఇప్పుడు వేసవి ముహూర్తాలకే గిరాకీ.

యజ్ఞోపవీతం

తైత్తిరీయ ఆరణ్యకం అజినాన్ని గాని వస్త్రాన్ని గాని కుడి చేయి పైకి వచ్చేలా ఎడమ భుజం మీదుగా వేసుకోవడాన్నే యజ్ఞోపవీతం అంటుంది. ఆపస్తంబ ధర్మసూత్రం గృహస్థుకు ఎప్పుడూ ఉత్తరీయం ఉండాలనీ, ఉపవీతానికి బదులు సూత్రమైనా చాలుననీ చెబుతుంది. అంటే దారం మొదట ఉత్తరీయానికి ప్రత్యామ్నాయం. కాలక్రమంలో ఆ ప్రత్యామ్నాయమే శాశ్వత చిహ్నమైంది.

నూలును నాలుగు వేళ్ల మీద 96 చుట్లు చుట్టి కొలత తీస్తారు. దాన్ని మూడు పేటలుగా పేని, మళ్లీ మూడింతలు చేస్తే తొమ్మిది పోగులు, మూడు పేటల జంధ్యం తయారవుతుంది. చివరలను కలిపే ముడి బ్రహ్మముడి. 96కు సంప్రదాయం చెప్పే లెక్క ఒకటుంది: తిథులు 15, వారాలు 7, నక్షత్రాలు 27, తత్త్వాలు 25, వేదాలు 4, గుణాలు 3, కాలాలు 3, మాసాలు 12. తొమ్మిది పోగులకు ఓంకారం, అగ్ని, సోముడు మొదలైన తొమ్మిది మంది దేవతలను చెబుతారు. మనువు బ్రాహ్మణుడికి పత్తి, క్షత్రియుడికి జనుము, వైశ్యుడికి ఉన్ని నిర్దేశించాడు గాని, నేడు అందరూ వాడేది నూలే.

బ్రహ్మచారికి ఒక ముడి (మూడు పేటలు), గృహస్థుకు రెండు. ఉత్తరీయం స్థానంలో మూడోది వేసుకునేవారూ ఉన్నారు. ఎడమ భుజం మీద ఉంటే సవ్యం లేదా ఉపవీతం, ఇది దేవకార్యాలకు. కుడి భుజం మీద ఉంటే అపసవ్యం లేదా ప్రాచీనావీతం, ఇది పితృకార్యాలకు. మెడలో మాలలా వేలాడితే నివీతం, ఇది ఋషితర్పణానికి. తెగినప్పుడు, ఆశౌచం తీరినప్పుడు, ఏటా ఉపాకర్మ నాడు కొత్తది వేసుకుంటారు. అద్వైత సన్యాసులు శిఖను, యజ్ఞోపవీతాన్ని విడిచిపెడతారు. శ్రీవైష్ణవ త్రిదండి సన్యాసులు రెండింటినీ ఉంచుకుంటారు.

క్రతువు: తెలుగునాట ఆపస్తంబ పద్ధతి

తెలుగు బ్రాహ్మణులలో అధికులు కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖవారు, ఆపస్తంబ సూత్రులు. ఋగ్వేదులు ఆశ్వలాయనాన్ని, శుక్లయజుర్వేదులు పారస్కరాన్ని, వైఖానసులు తమ సూత్రాన్ని అనుసరిస్తారు. ఈ వివరణ ఆపస్తంబ ప్రయోగానికి చెందింది. పురోహితుణ్ణి బట్టి, కుటుంబాన్ని బట్టి వరుసలో చిన్న మార్పులుంటాయి.

పూర్వాంగం: నలుగు పెట్టి మంగళస్నానం చేయించడంతో ఇంట్లో సందడి మొదలవుతుంది. విఘ్నేశ్వర పూజ, పుణ్యాహవాచనం, పితృదేవతల ఆశీస్సు కోసం నాంది, పాలికల్లో నవధాన్యాలు చల్లే అంకురారోపణం, రక్షాసూత్రం కట్టడం జరుగుతాయి. చౌలం (పుట్టువెంట్రుకలు తీయించడం) చిన్నప్పుడు కాకుంటే ఇప్పుడు కలిపి చేస్తారు. ఎన్ని శిఖలు ఉంచాలన్నది ఋషిప్రవరను బట్టి ఉండాలని సూత్రం.

కుమార భోజనం: ప్రస్తుత ఆచారంలో యజ్ఞోపవీతం వేసిన తరువాత వటువుకు, తోటి బ్రహ్మచారులతో కూర్చోబెట్టి, ఉప్పూ కారం లేని భోజనం పెడతారు. తల్లి పక్కనే కూర్చొని తినిపిస్తుంది. తల్లితో కలిసి తినే చివరి భోజనంగా దీన్ని భావిస్తారు. బిడ్డ గురుకులానికి వెళ్లిపోయే కాలంలో ఇది నిజంగానే వీడ్కోలు భోజనం. క్రతువు మొత్తంలో తల్లికి ఇంతటి చోటు మరి భిక్షలో తప్ప ఎక్కడా లేదు.

ప్రధానాంగం: వపనం, స్నానం అయ్యాక అగ్ని ప్రతిష్ఠ జరుగుతుంది. వటువు అగ్నిలో సమిధ వేస్తాడు. అగ్నికి ఉత్తరాన ఉన్న సన్నికల్లు మీద కుడికాలు పెట్టిస్తారు. రాయిలా స్థిరంగా ఉండమన్నది ఈ అశ్మారోహణ భావం. ఆపైన కొత్త వస్త్రం కట్టబెడతారు. ఆ రోజే వడికి ఆ రోజే నేసిన గుడ్డ కావాలని ఆపస్తంబ సూత్రం. నేటి మగ్గాలకు అది కుదరని పని కాబట్టి కొత్త పంచెతో సరిపెడుతున్నారు. ముంజగడ్డితో పేనిన మేఖలను నడుముకు మూడు చుట్లు చుట్టి ముడివేస్తారు. కృష్ణాజినం కప్పుతారు, ఇప్పుడు చిన్న తోలుముక్కను జంధ్యానికి కట్టి ఊరుకోవడమే ఎక్కువ.

గురువు దోసిట్లోని నీటిని వటువు దోసిట్లోకి వదిలి, అతని చేయి పట్టుకుంటాడు. దేవతలకు ఒక్కొక్కరికీ అతణ్ణి అప్పగిస్తాడు. నీ పేరేమిటి, నువ్వు ఎవరి బ్రహ్మచారివి అని అడుగుతాడు. వటువు జవాబు చెబుతాడు. చేయి పట్టి "నా దగ్గరకు తెచ్చుకుంటున్నాను" అని గురువు పలికే ఈ ఘట్టమే శబ్దార్థం చేత ఉపనయనం. ఫోటోలు తీసేవారు సాధారణంగా దీన్ని వదిలి, తరువాతి బ్రహ్మోపదేశం కోసం కాచుకుని ఉంటారు.

బ్రహ్మోపదేశం: హోమాల తరువాత తండ్రి గాని, గురుస్థానంలో ఉన్న వేరొకరు గాని వటువుకు సావిత్రిని ఉపదేశిస్తారు. ఇది ఋగ్వేదం మూడో మండలంలోని విశ్వామిత్ర దృష్టమైన మంత్రం. 24 అక్షరాల గాయత్రీ ఛందస్సులో ఉన్నందువల్ల గాయత్రి అన్న పేరుతోనే ప్రసిద్ధం. మొదట పాదం పాదంగా, తరువాత సగం సగంగా, చివరికి మొత్తంగా చెబుతారు. గురుశిష్యుల మీద పట్టువస్త్రం కప్పి చెవిలో చెప్పడం ఆచారం. తల్లి కూడా ఆ వస్త్రం కింద కూర్చోవడం అనేక కుటుంబాలలో ఉంది.

దండం, భిక్ష: మోదుగ దండం చేతికిచ్చి సూర్యదర్శనం చేయిస్తారు. మనువు ప్రకారం బ్రాహ్మణుడి దండం జుట్టు దాకా, క్షత్రియుడిది నుదురు దాకా, వైశ్యుడిది ముక్కు దాకా ఉండాలి. వటువు మొదట తల్లిని "భవతి భిక్షాం దేహి" అని అడుగుతాడు. "భవతి" పదాన్ని బ్రాహ్మణుడు మొదట, క్షత్రియుడు నడుమ, వైశ్యుడు చివర పలకాలన్నది శాస్త్రం. తల్లి, మేనత్తలు, పినతల్లులు వరసగా మూడేసి మార్లు బియ్యం పోస్తారు. బియ్యంతో వెండి, బంగారు నాణేలు, డబ్బు వేయడం తరువాతి వాడుక. అడిగి తెచ్చిన భిక్షను గురువుకు సమర్పించడం దీని ముగింపు. వేదం నేర్చే పిల్లవాడి భోజన భారం ఊరందరిదీ అన్న ఏర్పాటుకు ఇది గుర్తు.

సమిదాధానం, సాయంసంధ్యతో ఆనాటి కార్యక్రమం ముగుస్తుంది. నాలుగో రోజు పాలాశకర్మ: మోదుగ చెట్టు గాని కొమ్మ గాని దగ్గర ప్రణవం, శ్రద్ధ, మేధ అనే మూడింటిని ఆరాధిస్తారు. వటువు కట్టుకున్న వస్త్రాన్ని గురువు తీసుకొని అతనికి వేరే వస్త్రం ఇస్తాడు. నాలుగు రోజుల ఒడుగులు అరుదై, నేడు దీన్ని మర్నాడో ఆనాడో కలిపి ముగిస్తున్నారు.

ఉపనయనానంతర విధులు

సంధ్యావందనం: ఆచమనం, ప్రాణాయామం, మార్జనం, అర్ఘ్యప్రదానం, గాయత్రీ జపం, ఉపస్థానం దీని ముఖ్య భాగాలు. ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం చేస్తారు. వీటితోపాటు బ్రహ్మచారికి రోజూ అగ్నికార్యం విధి. పెద్దలకు నమస్కరించేటప్పుడు ప్రవర చెప్పుకోవాలి. గోత్రఋషులు, గోత్రం, సూత్రం, శాఖ, తన పేరు అందులో వరసగా వస్తాయి.

ఉపాకర్మ: వేదాధ్యయన సంవత్సరాన్ని తిరిగి మొదలుపెట్టే కర్మ. యజుర్వేదులకు శ్రావణ పూర్ణిమ, ఋగ్వేదులకు శ్రావణంలో శ్రవణా నక్షత్రం, సామవేదులకు భాద్రపదంలో హస్తా నక్షత్రం. తెలుగువారి జంధ్యాల పూర్ణిమ ఈ శ్రావణ పూర్ణిమే. మర్నాడు గాయత్రీ జపం చేస్తారు.

సమావర్తనం: విద్య ముగించి స్నానం చేసి ఇంటికి తిరిగి రావడం. ఆ స్నానం చేసినవాడు స్నాతకుడు. గురుకులవాసాన్ని మనువు 36 ఏళ్లు, 18 ఏళ్లు, 9 ఏళ్లు, లేదా వేదం వచ్చేదాకా అన్నాడు. తెలుగునాట ఇది పెళ్లికి ముందు చేసే "స్నాతకం"గా మిగిలింది. దాని వెంటనే వరుడు గొడుగు, పావుకోళ్లతో కాశీకి బయలుదేరడం, బావమరిది బతిమాలి వెనక్కి తేవడం వస్తాయి (చూ. వివాహం).

ప్రాంతీయ ఆచారాలు

మంత్రభాగం దేశమంతటా దాదాపు ఒకటే. మార్పంతా ఇంటి ఆచారంలో ఉంది. పాత విద్యార్థి జీవితంలోని ఒక్కో ముక్కను ఒక్కో ప్రాంతం జాగ్రత్తపెట్టుకుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ: బ్రాహ్మణ శాఖలన్నిటిలో ఒడుగు ఉంది. శ్రీవైష్ణవుల పంచసంస్కారం, మాధ్వుల ముద్రాధారణ దీనికి అదనపు దీక్షలు. రెంటినీ ఒకటిగా చూడరాదు. ఆర్యవైశ్యులు, క్షత్రియులు పెళ్లికి ముందు ఉపనయనం చేయడం పరిపాటి. విశ్వబ్రాహ్మణులు యజ్ఞోపవీతం ధరిస్తారు. పద్మశాలీలు, దేవాంగులు వంటి నేత కులాలలోనూ జంధ్యధారణ ఉంది. తెలంగాణలో పద్మశాలీలు శ్రావణ పూర్ణిమను నూలు పున్నమిగా జరుపుకొని, మార్కండేయ ఆలయాలలో కొత్త జంధ్యాలు వేసుకుంటారు. జంధ్యం గురించి రాసేవారు బ్రాహ్మణుల దగ్గరే ఆగిపోవడం వల్ల, ఆ నూలు వడికి నేసే చేతుల సంప్రదాయం మరుగున పడుతోంది. ఇంట్లో పెద్దపిల్ల పెళ్లితో కలిపి తమ్ముడి ఒడుగు చేయడం ఖర్చు తగ్గించే పాత పద్ధతి. తిరుమలలో పౌరోహిత సంఘం పెళ్లిళ్లతో పాటు ఉపనయనాలూ జరిపిస్తుంది.

తమిళనాడు: క్రతువు తెలుగు ఆపస్తంబ పద్ధతికి చాలా దగ్గర. ముందు రోజు ఉదకశాంతి జపం చేయిస్తారు. ఉపనయనం తరువాత వచ్చే మొదటి ఉపాకర్మను "తలై ఆవణి అవిట్టం" పేరుతో ఇంట్లో ప్రత్యేకంగా జరుపుతారు.

కేరళ: నంబూదిరి సంప్రదాయంలో ఉపనయనం ఒక రోజు పండుగ కాదు, కొన్నేళ్ల నియమానికి ప్రారంభం. జంధ్యానికి కట్టిన కృష్ణాజినపు పట్టీతో, మేఖలతో బాలుడు సమావర్తనం దాకా బ్రహ్మచారిగా ఉండి వేదం వల్లిస్తాడు. త్రిశూర్‌లోని బ్రహ్మస్వం మఠం ఈ అధ్యయనానికి ప్రసిద్ధ కేంద్రం. కడవల్లూరులో జరిగే అన్యోన్యం ఋగ్వేద పాఠకుల పోటీ.

మహారాష్ట్ర: మాతృభోజనంలో కొడుకు తల్లి పళ్లెంలోనే తింటాడు. ముహూర్త సమయంలో తండ్రీ కొడుకుల మధ్య అంతర్‌పాట్ (అడ్డుతెర) పట్టి, పెళ్లిలో లాగే మంగళాష్టకాలు చదివి, అక్షతలు వేస్తారు. సాయంత్రం ఊరేగింపుతో సాగే భిక్షావళ పెద్ద వేడుక. మేఖల విప్పే సమావర్తనాన్ని సోడముంజ అంటారు.

గుజరాత్: వటువును బడవో అంటారు. అతడు చదువుకోసం కాశీకి పరుగు తీస్తాడు. మేనమామ వెంటపడి పట్టుకొని, కానుకలు ఇస్తానని ఒప్పించి తెస్తాడు. తెలుగు పెళ్లిలోని కాశీయాత్రకు ఇది తోబుట్టువు. మన దగ్గర స్నాతకం పెళ్లికి జరిగిపోవడంతో కాశీయాత్రా దాని వెంట వెళ్లింది. పట్టి తెచ్చే పని బావమరిదికి దక్కింది. గుజరాత్‌లో అది ఉపనయనం దగ్గరే ఉండిపోయింది కనుక మేనమామదైంది.

బెంగాల్: వటువు మూడు రాత్రులు ఒక గదిలో, సూర్యుణ్ణి చూడకుండా, ఎంపికచేసిన కొద్దిమందిని మాత్రమే కలుస్తూ ఉంటాడు. తరువాత దండాన్ని గంగలో వదులుతారు. ఆచార్యుడి గర్భంలో మూడు రాత్రులు అన్న అథర్వవేద భావనకు ఇంత దగ్గరి ఆచారం మరొకటి కనబడదు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఉపనయనం 1873లో జరిగింది. తండ్రి దేవేంద్రనాథ్ విగ్రహారాధనను తొలగించి, వైదిక మంత్రాలతో విధిని కూర్చారు. గుండు తలతో బడికి ఎలా వెళ్లాలా అని బాలుడు దిగులుపడుతుండగా, తండ్రి అతణ్ణి హిమాలయాలకు వెంట తీసుకువెళ్లారని రవీంద్రనాథ్ జ్ఞాపకాలలో ఉంది. దారిలో ఆగిన చోటు శాంతినికేతన్.

మిథిల: వెదురు కోయడం, ఆ వెదురుతో మండపం వేయడం, జంధ్యానికి నూలు వడకడం ఒక్కొక్కటీ వేర్వేరు రోజుల వేడుకలు. ప్రతి పనికీ స్త్రీలు పాడే పాటలు ఉన్నాయి.

కాశ్మీర్: ఇల్లు అలికి శుభ్రం చేసే లివున్‌తో మొదలుపెట్టి, మేనత్త గుమ్మం మీద క్రూల్ అనే చిత్రం వేస్తుంది. క్రతువు ముగిశాక వటువును వ్యూగ్ అనే రంగుల ముగ్గు మీద నిలబెడతారు. భిక్షను అబీద్ అంటారు. 1990లో లోయను విడిచి వచ్చిన పండిత కుటుంబాలు జమ్మూలో, ఢిల్లీలో ఈ ఆచారాన్ని నిలుపుకున్నాయి.

నేపాల్: బ్రతబంధకు వసంతపంచమి ఇష్టమైన రోజు, పశుపతినాథ ఆలయ పరిసరాలలో చాలా జరుగుతాయి. నేవార్లలో హిందువులు కౌపీనం ఇచ్చే కయ్‌తా పూజ చేస్తే, శాక్య, వజ్రాచార్య బౌద్ధులు బాలుణ్ణి కొద్ది రోజులు భిక్షువుగా ఉంచే బరే ఛుయెగు చేస్తారు.

స్త్రీలకు ఉపనయనం

హారీతుడు స్త్రీలను బ్రహ్మవాదినులు, సద్యోవధువులు అని రెండు తెగలుగా చెప్పి, మొదటి వారికి ఉపనయనం, అగ్నికార్యం, వేదాధ్యయనం, ఇంట్లోనే భిక్ష విధించాడు. రెండో వారికి పెళ్లికి ముందు ఉపనయనం చేయాలన్నాడు. గోభిల గృహ్యసూత్రం వధువును యజ్ఞోపవీతినిగా వర్ణిస్తుంది. మనువు మాత్రం స్త్రీకి వివాహమే ఉపనయన స్థానీయమన్నాడు. తరువాతి సంప్రదాయం మనువునే అనుసరించింది. ఆర్యసమాజం బాలికలకు ఉపనయనాన్ని పునరుద్ధరించింది.

అధికార వివాదాలు, సంస్కరణలు

ఉపనయనం విద్యకు ద్వారం కాబట్టి, దాన్ని ఎవరికి తెరుస్తారన్నది ఎప్పుడూ వివాదమే. ఆపస్తంబ ధర్మసూత్రం మొదట్లోనే శూద్రులు కాని వారికి మాత్రమే అని హద్దు గీసింది. ఈ హద్దు వల్ల కోట్లాది మంది తరతరాలు వేదవిద్యకు దూరమయ్యారు. దీన్ని చెప్పకుండా ఉపనయన చరిత్ర పూర్తి కాదు.

1674లో ఛత్రపతి శివాజీ పట్టాభిషేకానికి ముందు, ఆయన క్షత్రియత్వాన్ని నిలబెట్టడానికి, కాశీ పండితుడు గాగాభట్టు ఉపనయనం జరిపించాడు. 1899 తరువాత కొల్హాపూర్‌లో సాహు మహారాజుకు వేదోక్త కర్మలు నిరాకరించడం మహారాష్ట్ర బ్రాహ్మణేతర ఉద్యమానికి ఊతమైంది. బ్రహ్మసమాజంలో జంధ్యం వేసుకున్న ఆచార్యులు వేదిక ఎక్కవచ్చా అన్న తగవు 1866లో చీలికకు దారితీసిన కారణాలలో ఒకటి. 1875లో దయానంద సరస్వతి స్థాపించిన ఆర్యసమాజం పుట్టుకతో నిమిత్తం లేకుండా యజ్ఞోపవీతం ఇచ్చింది. 1892 నుంచి హైదరాబాదులో ఆ సమాజం పనిచేసినందువల్ల తెలంగాణ పల్లెలకూ ఇది చేరింది. 1898లో శ్రీరామకృష్ణ జయంతి నాడు వివేకానందుడు సుమారు యాభైమంది బ్రాహ్మణేతర భక్తులకు యజ్ఞోపవీతం, గాయత్రి ఇప్పించారు.

క్రతువునే తిరస్కరించిన ధార కూడా ఉంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో బాల బసవడు తండ్రి మాదిరాజు తలపెట్టిన ఉపనయనాన్ని కాదంటాడు. శివదీక్ష పొందినవాడికి మరో దీక్ష అవసరం లేదని వాదిస్తాడు. వీరశైవులలో ఇష్టలింగధారణ ఆ స్థానాన్ని తీసుకుంది, స్త్రీపురుషులిద్దరికీ.

సాహిత్యంలో, ఇతర మతాలలో

తెలుగువారికి బాగా తెలిసిన ఉపనయనం పోతన భాగవతం అష్టమ స్కంధంలోని వామనుడిది. సూర్యుడు సావిత్రిని ఉపదేశించాడు. బృహస్పతి జంధ్యం, కశ్యపుడు ముంజి, అదితి కౌపీనం, భూమి కృష్ణాజినం, సోముడు దండం, ఆకాశం గొడుగు, బ్రహ్మ కమండలం, సరస్వతి అక్షమాల, కుబేరుడు భిక్షాపాత్ర ఇచ్చారు. భవాని తొలి భిక్ష పెట్టింది. వటువుకు కావలసిన సామగ్రి పట్టిక యావత్తూ ఆ ఒక్క ఘట్టంలో ఉంది.

పార్సీల నవజోత్ దీనికి సమీప బంధువు. అందులో పిల్లలకు సుద్రె అనే తెల్లని చొక్కా, నడుముకు 72 ఉన్ని పోగుల కుస్తీ ఇస్తారు. ఆడపిల్లలకు, మగపిల్లలకు తేడా లేదు.

నేటి స్థితి

నాలుగైదు రోజుల ఒడుగు ఒక పూటకు కుదించుకుపోయింది. ఎనిమిదేళ్ల వయసు నియమం చాలా ఇళ్లలో సడలి, పెళ్లి ముందు రోజు ఒడుగు చేసి, స్నాతకం కూడా ముగించడం మామూలైంది. ఇలా చేస్తే బ్రహ్మచర్యానికి దక్కేది కొన్ని గంటలే. ఖర్చు భరించలేని కుటుంబాల కోసం ఆలయాలు, కుల సంఘాలు సామూహిక ఉపనయనాలు నిర్వహిస్తున్నాయి. అమెరికాలోని తెలుగు కుటుంబాలు పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయం వంటి చోట్ల గాని, వేసవిలో స్వదేశానికి వచ్చి గాని జరుపుకుంటున్నాయి. వేదపాఠశాలల్లో చేరే పిల్లలకు మాత్రం ఉపనయనం ఇప్పటికీ ప్రవేశార్హత. అక్కడ ఒడుగైన బాలుడి మొదటి పాఠం సంధ్యావందనమే.